లైకులు సరే, ఆర్డర్లు రావాలంటే: చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్ పోస్టులు రాసే పద్ధతి

"పోస్టు పెడితే రెండొందల లైకులొచ్చాయండి, ఒక్క ఆర్డరూ రాలేదు." రావులపాలెం నుంచి పాలకొల్లు దాకా చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినే మాట ఇది. పూతరేకులు చుట్టేవాళ్లు, పచ్చళ్లు పెట్టేవాళ్లు, కడియం నర్సరీల వాళ్లు, నర్సాపురంలో లేసు అల్లించేవాళ్లు, అందరిదీ ఇదే గోడు. చాలాసార్లు సరుకులో లోపం ఉండదు. కొనేవాళ్లు తెలుసుకోవాలనుకున్న సంగతి పోస్టులో ఉండదు, అంతే.

కింద రాసిన వరుసలోనే చెయ్యండి. మొదటి రెండూ దాటేసి నేరుగా రాయడానికి కూర్చుంటే మళ్లీ "నాణ్యతకు మారుపేరు" లాంటి అరిగిపోయిన మాటల దగ్గరే తేలతారు.

1. ముందు ఒక నోటు పుస్తకం కొనండి

పదిహేను రోజులు ఏమీ రాయకండి. ఫోన్లో గానీ, కొట్టు దగ్గర గానీ, వాట్సాప్‌లో గానీ మీ సరుకు గురించి ఎవరేం అడిగినా ఈ పుస్తకంలోకి ఎక్కించండి. వాళ్ల మాటల్లోనే ఎక్కించాలి. "నిలవ కాలం ఎంత" అని మీరు సర్దేసి రాసుకుంటే పని చెడుతుంది. ఫోన్ చేసిన ఆవిడ అడిగింది "మా అబ్బాయి పై శనివారం బెంగళూరు వెళ్తాడండి, అప్పటిదాకా ఉంటాయా?" అని. ఆ శనివారం, ఆ బెంగళూరు అన్నీ పుస్తకంలో ఉండాలి.

ఆత్రేయపురం దగ్గర పూతరేకులు చేసే ఒకావిడకి ఈ పని అప్పజెప్పాను. వారం తర్వాత ఒక పేజీలో ఉన్నవి ఇవి:

- "పంచదారవా, బెల్లంవా? రెండూ కలిపి పంపుతారా?"
- "నెయ్యేనా, డాల్డానా? నిజం చెప్పండి."
- "కొరియర్‌లో పొడుం అయిపోతాయేమో?"
- "ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?"
- "డబ్బాలో ఎన్ని ఉంటాయండి?"
- "డ్రై ఫ్రూట్స్ లేకుండా అయితే ఎంత?"
- "పెళ్లికి వెయ్యి కావాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి?"

ఏడు ప్రశ్నలు, ఏడు పోస్టులు. అప్పటిదాకా ఆవిడ పేజీలో పెట్టినవన్నీ వెనక్కి తిప్పి చూశాం. వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. "గోదారి రుచులు ఇక మీ ఇంటికే" అన్న ముక్క మాత్రం ఎన్నిసార్లుందో లెక్కపెట్టడం మానేశాం.

ఎవరైనా ఒకే ప్రశ్న మళ్లీ అడిగితే దాని పక్కన ఒక గీత పెట్టండి. ఎక్కువ గీతలు పడినదే మీ మొదటి పోస్టు. "సరే, మళ్లీ చెప్తానండి" అని ఫోన్ పెట్టేసినవాళ్లు ఏ మాట విన్నాక ఆ ముక్క అన్నారో అది కూడా రాసుకోండి. నేను చూసినంతలో ఎక్కువమంది ఆగేది కొరియర్ ఛార్జీ దగ్గర.

2. ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి

అందరికీ సరిపోయేలా రాసిన పోస్టు ఎవరికీ తగలదు. మీ దగ్గర కొనేవాళ్లు సాధారణంగా మూడు రకాలు: ఊళ్లోవాళ్లు, హైదరాబాద్, బెంగళూరుల్లో స్థిరపడ్డ మనవాళ్లు, పెళ్లిళ్లకీ షాపులకీ టోకున తీసుకునేవాళ్లు.

నర్సరీ సంగతే తీసుకోండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో మల్లె పెంచాలనుకునే ఆవిడ అడిగేది "కుండీలో బతుకుతుందా? మా బాల్కనీకి మధ్యాహ్నం దాకా ఎండ రాదు" అని. వెంచర్‌లో మొక్కలు వేయించే కాంట్రాక్టరు అడిగేది "ఎన్ని అడుగుల మొక్క? లారీకి ఎన్ని పడతాయి?" అని. ఇద్దరికీ ఒకే పోస్టు రాస్తే ఆవిడకి లారీ లెక్క చూసి భయం వేస్తుంది, ఆయనకి కుండీ కబుర్లు చూసి విసుగొస్తుంది. రెండు పోస్టులు రాయండి.

రాసేముందు మీకు తెలిసిన అసలు మనిషినే ఊహించుకోండి. కూకట్‌పల్లిలో ఉన్న మీ మేనత్తగారి అమ్మాయి అనుకోండి. ఆ అమ్మాయితో "మా వద్ద లభించును" అని మాట్లాడతారా?

3. రాయడానికి కూర్చునేముందు చేతిలో ఉండాల్సినవి

- బరువు లేదా లెక్క. "ఒక బాక్స్" అంటే సరిపోదు, అరకేజీనా, పది పూతరేకులా చెప్పాలి
- ధర, దాని పక్కనే కొరియర్ ఛార్జీ
- ఏమేం వేస్తారు, ఏది వెయ్యరు
- మీ అనుభవంలో ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఎలా దాచాలి
- ఏ రోజు తయారు చేస్తారు, ఏ రోజు పంపుతారు
- పాడై వస్తే ఏం చేస్తారు
- మీరే తీసిన ఫొటోలు మూడు: సరుకు, తయారు చేస్తున్న చేతులు, ప్యాకింగ్

ఫొటోల గురించి ఒక్క మాటే చెప్తాను. పొద్దున్నపూట కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తియ్యండి. ట్యూబ్‌లైటు కింద తీస్తే ఆవకాయ ఎర్రగా కనబడదు.

ఈ చిట్టాలో చాలామంది తడబడేది చివరి నుంచి రెండోది. "పాడై వస్తే అప్పుడు చూద్దాం లెండి" అంటారు. అది ముందే తేల్చుకోకపోతే పోస్టు ఎంత బాగా రాసినా కొత్తవాళ్లు డబ్బు పంపరు.

4. పోస్టు రాసే వరుస

ఇందాకటి పూతరేకుల పేజీలో ఉన్న పాత పోస్టు ఇది:

"మా వద్ద స్వచ్ఛమైన నెయ్యితో తయారు చేయబడిన రుచికరమైన పూతరేకులు లభించును. నాణ్యతకు మారుపేరు. నమ్మకానికి చిరునామా. ఆర్డర్ల కొరకు సంప్రదించండి."

ఇది గోడ మీద అంటించే కరపత్రం భాష. దీనికి ఒక పరీక్ష ఉంది. ఈ పోస్టు కింద పక్కవీధి కొట్టు పేరు రాసి చూడండి. అతుకుతుంది. పూతరేకులు తీసేసి కాజా అని పెట్టండి, అదీ అతుకుతుంది. ఎవరికైనా అతికేది మీకు పనికిరాదు.

పుస్తకంలో ఎక్కువ గీతలు పడిన ప్రశ్న కొరియర్‌ది. దాన్ని పట్టుకుని ఇలా మార్చాం. ధరలు నమూనాకి వేసినవి, మీవి మీరు వేసుకోండి.

"కొరియర్‌లో పూతరేకులు పొడుం అయిపోతాయని భయమా?
పది పూతరేకులు ఒక గట్టి అట్టపెట్టెలో, వరసకీ వరసకీ మధ్య బటర్ పేపర్ వేసి, కదలకుండా సర్దుతాం. ఒకవేళ విరిగి వస్తే, పెట్టె తెరుస్తూ తీసిన వీడియో పంపండి. ఇంకో పెట్టె మా ఖర్చుతో పంపుతాం.
ఇందులో వేసేవి బెల్లం, నెయ్యి, యాలకులు. డ్రై ఫ్రూట్స్ వేసినవి వేరే ఉన్నాయి.
10 పూతరేకులు 250 రూపాయలు. హైదరాబాద్‌కి కొరియర్ 80.
సోమ, గురువారాల్లో చుడతాం, మర్నాడు పంపుతాం.
కావాలంటే 'బెల్లం 2 పెట్టెలు' అని రాసి, పిన్‌కోడ్‌తో ఈ నంబరుకి వాట్సాప్ చెయ్యండి."

మొదటి లైను కొనేవాళ్ల మనసులో ఉన్న భయం. ఇన్‌స్టాగ్రామ్‌లో దాదాపు 125 అక్షరాల తర్వాత మిగతాది మడతపడిపోతుంది, నొక్కితేగానీ కనిపించదు. ఆ కాస్త చోటునీ "అందరికీ శుభోదయం" కోసం ఖర్చుపెట్టకండి.

రెండోది జవాబు. కంటికి కనబడే వస్తువులతో చెప్పాలి. "భద్రమైన ప్యాకింగ్" అంటే ఎవరికీ ఏమీ కనిపించదు, గట్టి అట్టపెట్టె, బటర్ పేపర్ అంటే కనిపిస్తాయి. ఫొటో కూడా అదే పెట్టాలి. ప్యాకింగ్ గురించి రాసి పళ్లెంలో అలంకరించిన పూతరేకుల ఫొటో పెడితే మాట ఒకదారి, బొమ్మ ఒకదారి.

ఆ తర్వాత సరుకు, ధర, రోజు. వీటికి వర్ణనలు అక్కర్లేదు.

చివరిది ఒకే ఒక్క పని చెప్పాలి. "కాల్ చెయ్యండి, వాట్సాప్ చెయ్యండి, డీఎం చెయ్యండి, మా కొట్టుకి రండి" అని నాలుగు చెప్తే చదివేవాళ్లు తర్వాత చూద్దాంలే అని జరుపుకుంటూ పోతారు. ఏం రాసి పంపాలో కూడా మీరే చెప్పెయ్యండి. "బెల్లం 2 పెట్టెలు" అని చూపించాక వచ్చే మెసేజులు అచ్చం అలాగే వస్తాయి, మీకు "ఎన్ని కావాలండి, ఏ ఊరండి" అని వెంటపడే పని తప్పుతుంది.

రాసింది ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించండి. ఎక్కడ మీ నాలుక మడతపడితే ఆ వాక్యం మార్చాలి.

5. ధర దాచకండి

"ధర కోసం ఇన్‌బాక్స్ చెయ్యండి." ఈ ఒక్క వాక్యం వల్ల పోయినన్ని బేరాలు ఇంకే తప్పు వల్లా పోయి ఉండవని నా నమ్మకం. ఎందుకు దాస్తున్నారని అడిగితే "పోటీవాళ్లకి తెలిసిపోతుందండి" అంటారు. పోటీవాళ్లకి ఎప్పుడో తెలుసు. వాళ్ల బావమరిది ఫోన్ నుంచి మీకు కాల్ చేసి కనుక్కున్నారు. తెలియనిది కొనేవాళ్లకే.

కొన్నిటికి ఒకే ధర చెప్పలేం, నిజమే. లేసు టేబుల్ క్లాత్‌కి కొలతని బట్టి, మొక్కకి ఎత్తుని బట్టి, కొబ్బరికి రోజుని బట్టి మారుతుంది. అప్పుడు చిన్న సైజుదీ పెద్ద సైజుదీ కొలతలతో సహా రెండు ధరలు ఇవ్వండి, మధ్యవి వాళ్లే ఊహించుకుంటారు. రోజూ మారేదైతే ధర పక్కన తేదీ వెయ్యండి. తేదీ లేని ధర పట్టుకుని మూడు నెలల తర్వాత ఒకాయన వచ్చి దెబ్బలాడతాడు.

6. ఏ చోట ఎలా రాయాలి

వాట్సాప్: స్టేటస్ 24 గంటలే ఉంటుంది కాబట్టి అందులో ఈరోజు సంగతి పెట్టండి: "ఇవాళ చుట్టినవి పన్నెండు పెట్టెలు మిగిలాయి." ఒకే మెసేజు చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టుకోవచ్చు గానీ, మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకి మాత్రమే అది వెళ్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియక "పంపుతున్నా ఎవరూ పలకట్లేదు" అని బాధపడుతుంటారు. ప్రతి పార్సిల్‌లో ఒక చిన్న చీటీ వెయ్యండి: "ఈ నంబరు సేవ్ చేసుకుంటే కొత్త సరుకు వచ్చినప్పుడు చెప్తాం." బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైలు ఉంటాయి. పుస్తకంలో ఉన్న ప్రశ్నల జవాబులు అందులో దాచుకోండి, మెసేజు కొట్టేచోట ఏటవాలు గీత (/) కొట్టగానే వస్తాయి.

గూగుల్: మ్యాప్స్‌లో కొట్టు పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే పెట్టండి. పేరు చివర "బెస్ట్ స్వీట్స్ ఇన్ కోనసీమ" అని తగిలిస్తే గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు. వివరణకి 750 అక్షరాల చోటిస్తారు. అందులో ఏం అమ్ముతారు, ఏ ఊళ్లకి పంపుతారు, ఎప్పుడు తెరిచి ఉంటుంది, ఈ మూడూ రాస్తే చాలు. దారి చెప్పేటప్పుడు మన గుర్తులే వాడండి: లాకుల పక్కన, కాలవ గట్టు మీద, వంతెన దిగగానే ఎడమ చేతి వైపు. బయటి ఊరినుంచి కారులో వచ్చినవాడు డోర్ నంబరు వెతుక్కోడు.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్: రీల్ మొదట్లో చేతులు కనబడాలి. తిరగేసిన కుండ మీద పల్చటి పిండిలో ముంచిన గుడ్డ పరవగానే రేకు లేచి రావడం, అక్కడినుంచే మొదలుపెట్టండి. లోగో తిరుగుతూ రావడం, తర్వాత దేవుడి ఫొటో, తర్వాత ఓనరు గారి నమస్కారం, ఇవన్నీ అయ్యేసరికి చూసేవాళ్లు వేలితో పైకి నెట్టేస్తారు. వీడియో మీద సినిమా పాట వెయ్యకండి, వ్యాపారానికి వాడితే కాపీరైట్ గొడవ. పొయ్యి చప్పుడే బాగుంటుంది.

ఇంకో చిక్కుంది. పూతరేకులు అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొందరు "పీ యూ" అని మొదలుపెట్టి కొడతారు, కొందరు "పీ డబుల్ ఓ" అని. వెతికేవాళ్లు ఏది కొడతారో మీ చేతిలో లేదు. పోస్టు తెలుగులో రాసి, చివర ఆ రెండు మూడు స్పెల్లింగులూ హ్యాష్‌ట్యాగుల్లో పెట్టేయండి.

7. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి సవరణలు

అక్షరాలు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయా? ప్రింటింగ్ ప్రెస్సులో కరపత్రానికి అను ఫాంట్లలో (ప్రెస్సుల్లో వాడే పాత పద్ధతి తెలుగు అక్షరాలు) కొట్టిన మేటర్ తెచ్చి వాట్సాప్‌లో పేస్ట్ చేసి ఉంటారు. అది ఫోన్లో చదవడానికి రాదు. ఫోన్ కీబోర్డులో మళ్లీ కొట్టండి, లేదా మైకు నొక్కి చెప్తే అదే రాస్తుంది. తప్పులు మాత్రం సరిచూసుకోవాలి.

మొత్తం సమాచారం పోస్టర్ బొమ్మలో పెట్టారా? బొమ్మలో ఉన్న ఫోన్ నంబరుని నొక్కితే కాల్ వెళ్లదు, పిన్నిగారు కళ్లజోడు వెతుక్కుని కాగితం మీద రాసుకోవాలి. నంబరు, ధర కింద అక్షరాల్లో కూడా ఇవ్వండి.

గూగుల్‌లో దొరికిన ఫొటో వాడారా? తీసెయ్యండి. పార్సిల్ విప్పాక ఫొటోలో ఉన్నట్టు లేదంటే ఆ కస్టమరు మళ్లీ రారు, పైగా ఆ ఫొటో ఇంకొకరి సొత్తు.

చాట్‌బాట్‌తో రాయించారా? తప్పేం లేదు, నేనూ వాడతాను. కానీ "పూతరేకుల మీద పోస్టు రాయి" అంటే "మధురమైన రుచుల ప్రయాణం" లాంటిదే వస్తుంది. మీ పుస్తకంలో ప్రశ్న, మీ జవాబు, ధర ఇచ్చి "ఇంతకుమించి ఏమీ చేర్చకు" అని చెప్పండి. అయినా ప్రతి అంకె సరిచూడండి, లేని ఫ్రీ డెలివరీ కలిపేసిన సందర్భం నాకు తెలుసు.

8. రాయకూడనివి

ఇక్కడ కాస్త జాగ్రత్త. బెల్లం పూతరేకులకి "షుగర్ ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా తినొచ్చు" అని రాసినవి చూస్తుంటాను. బెల్లం కూడా రక్తంలో చక్కెర పెంచుతుంది. అలా రాయడం అబద్ధం, ప్రమాదం కూడా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో, నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఈ సరుకు ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఎక్కడో చేసిన సరుకుకి ఆ పేరు తగిలించి అమ్మకండి. ఆ ప్రాంతంలోనే చేసేవాళ్లయినా జీఐ లోగో వాడాలంటే అధీకృత వాడకందారుగా నమోదవ్వాలి.

తినే సరుకైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. పోస్టులో కూడా ఒక లైను వెయ్యండి, "నమ్మకానికి చిరునామా" కన్నా అది ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. గూగుల్ రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనకండి, అది వాళ్ల నిబంధనలకి విరుద్ధం. "ఎలా ఉన్నాయో ఉన్నదున్నట్టు రాయండి" అని అడగడంలో తప్పులేదు.

9. పండగ పోస్టులో మొదటి లైను ఆఖరి తేదీ

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మా పిన్ని సున్నుండలకి మొదటిసారి సంక్రాంతి పోస్టు రాసింది నేనే. బాగానే రాశాననుకున్నాను, ఆర్డర్లు కూడా వచ్చాయి. ఏ తేదీ దాకా తీసుకుంటామో మాత్రం రాయలేదు. భోగి ముందురోజు దాకా డబ్బులు పడుతూనే ఉన్నాయి. పండగ రద్దీలో కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు గుట్టలు పడ్డాయి. మావి కొన్ని ముక్కనుమ దాటాక చేరాయి. "పండక్కి అల్లుడొచ్చి వెళ్లిపోయాక మీ సున్నుండలొచ్చాయమ్మా" అని ఒకావిడ పిన్నితో అంది. వాళ్లందరికీ డబ్బు వెనక్కిచ్చాం. ఆ రెండు రోజుల టెన్షన్ మళ్లీ వద్దు.

అప్పటినుంచి వరుస ఇది:

- పండక్కి నెల ముందు: ఏమేం చేస్తారు, ధరలెంత
- మూడు వారాల ముందు: ఎక్కువ మంది అడిగే ప్రశ్నలకి జవాబులు
- రెండు వారాల ముందు: "బయటి ఊళ్లకి ఫలానా తేదీ ఆఖరు" మొదటి లైనులో
- ఆ తేదీ దాటాక: "ఇక కొట్టు దగ్గర తీసుకునేవాళ్లకే"

సంక్రాంతి తర్వాత వేసవిలో ఆవకాయ, వానలు పడగానే మొక్కలు, శ్రావణంలో నోములకి మిఠాయిలు. మీ సరుకు ఏ నెలదో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని అక్కడినుంచి వెనక్కి లెక్కేసుకోండి. గోదారికి వరదొచ్చి లంకల వైపు రాకపోకలు ఆగిన రోజుల్లో అందమైన పోస్టులేవీ వద్దు. "నీళ్లు తగ్గాక పంపుతాం, తొందరున్నవాళ్లకి డబ్బు వెనక్కిస్తాం" అన్న రెండు ముక్కలు చాలు.

10. పోస్టు పెట్టాక

మొదటి గంట ఫోను దగ్గరే ఉండండి. మీరు వంటలో ఉండే సమయానికి పోస్టు పెట్టి రాత్రి పదింటికి జవాబిస్తే వాళ్లు ఇంకోచోట కొనేసి ఉంటారు.

ఎవరైనా కింద ఫిర్యాదు రాస్తే చెరిపెయ్యకండి. "అయ్యో, విరిగి వచ్చాయాండి? ఇవాళే ఇంకో పెట్టె పంపుతున్నాం" అని అక్కడే, అందరికీ కనబడేలా రాయండి. పంపాక ఆ సంగతి కూడా అక్కడే చెప్పండి.

ఆర్డరిచ్చిన ప్రతివాళ్లనీ "ఎక్కడ చూశారండి?" అని అడిగి పుస్తకంలో చివరి పేజీల్లో గీతలు పెట్టండి. స్టేటస్, గూగుల్, రీల్, ఎవరో చెప్పారు, ఈ నాలుగు గడులు చాలు. నెలాఖరుకి లైకుల లెక్క పక్కన పెట్టి ఈ గీతలు చూడండి. డబ్బు పెట్టి బూస్ట్ చెయ్యాలనిపిస్తే, డబ్బు పెట్టకుండానే ఆర్డర్లు తెచ్చిన పోస్టుకే పెట్టండి. ఎవరూ పట్టించుకోని పోస్టుని డబ్బుతో లేపడం దండగ.

జవాబిచ్చిన ప్రశ్నే మళ్లీ మళ్లీ వస్తుంటే, జవాబు ఉండాల్సిన చోట లేదన్నమాట. ఆత్రేయపురం ఆవిడకి "ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?" అన్నది రెండుసార్లు పోస్టు పెట్టినా ఆగలేదు. అడిగేవాళ్లంతా అప్పటికే పెట్టె ఇంటికి చేరినవాళ్లు, వాళ్లు పోస్టు కోసం వెనక్కి వెతకరు కదా. "తేమ తగిలితే మెత్తబడతాయి, మూత బిగించి బయటే ఉంచండి" అని స్టిక్కర్ కొట్టించి పెట్టె మూత మీద అంటించింది. పుస్తకంలో ఆ ప్రశ్న పక్కన గీతలు అక్కడితో ఆగాయి.